తేలియా రుమాలు: చీరాల నుండి పుట్టపాకకు

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు చీరాల గుంటూరు జిల్లాలోనిదే. చీరాల నేతగాండ్రు నేసిన తేలియా రుమాళ్ళు ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. ‘తేల్’ అనగా నూనె. నూలును నూనెలోను, ఆముదపు కాయతొక్కల బూడిద నీటిలోను పలుమార్లు నానబెట్టి ఆరబెట్టడం ఈ విద్యకు మూలం. ఈ సంస్కారం వల్లనే నూలుకు ఎరుపు గాఢంగా పడుతుంది. ఆపై నూలును ముడులు కట్టి, రంగులద్ది, ఎరుపు, నలుపు, తెలుపుల్లో చతురస్రాకృతులు నేస్తారు.

చీరాలలో ఈ నేత క్షీణించగా, నల్లగొండ ప్రాంతపు పుట్టపాక దానిని నిలిపింది. 2020లో భౌగోళిక సూచిక ‘పుట్టపాక తేలియా రుమాలు’ పేరిట లభించింది. అది నిలిపినవారికి న్యాయమే. అయితే భౌగోళిక సూచిక నేటి ఉత్పత్తి కేంద్రాన్ని గుర్తిస్తుందే గాని విద్య నడచివచ్చిన దారిని చెప్పదు. ఆ దారిలో చీరాల పేరును నిలపడం చరిత్రకారుని బాధ్యత. గుంటూరు సీమ వస్త్రచరిత్రను నేటి జిల్లాల సరిహద్దులకు పరిమితం చేస్తే ఆ పేరే జారిపోతుంది.