చిరతల సాక్ష్యం

మన పల్లెల్లో భజనలకు చిరతలు వాయించేవారిని మనలో చాలామంది చూసే ఉంటారు. అలాంటి పేరుతోనే ఒకప్పుడు మనుషులను హింసించే పనిముట్టు ఉండేదని 1855 నాటి మద్రాసు చిత్రహింసల కమీషన్ నివేదిక చూసేదాకా నాకు తెలియదు. అరవంలో కిట్టి అనేదాన్ని తెలుగులో 'చీరట' అంటారని అందులో ఇంగ్లీషు లిపిలో రాశారు. అది మన చిరతే అయి ఉంటుందని నా ఊహ. నిమ్మకాయ పిండే సాధనంలాంటి రెండు చెక్కల మధ్య చేతులో, చెవులో పెట్టి, శిస్తు బాకీపడ్డ రైతును దారికి వచ్చేదాకా నొక్కేవారు. తలను కాళ్ళకేసి వంచి తాడుతో కట్టి ఎండలో ఉంచడం మరొక పద్ధతి. వైద్యుడిగా చదువుతుంటే నాకు తట్టింది ఒకటే. నాలుగు రోజుల్లో వాపు తీసిపోతే, ఏ డాక్టరైనా కాగితం మీద రాసి ఇవ్వడానికి పెద్దగా ఏమీ మిగలదు.

మరి ఇదంతా రికార్డుకు ఎలా ఎక్కింది? మద్రాసులోని తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి పుణ్యం చాలావరకు. 1844లో 'క్రెసెంట్' పత్రిక పెట్టి, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపించినవాడాయన. పార్లమెంటుకు మహజర్లు పంపాడు. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ వస్తే వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పాడు. 1854 జులైలో కామన్స్ సభలో చర్చ జరిగింది; ఆ సెప్టెంబరులో ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో కమీషన్ వేయక తప్పలేదు. దాని ముందుకు 1,959 ఫిర్యాదులు వచ్చాయి.

రైతు ఎందుకు నోరెత్తలేదో కూడా ఆ నివేదికలోనే ఉంది. తాసీల్దారే శిస్తు వసూలుదారు, పోలీసు అధికారీ అతడే. అర్జీ పట్టుకుని కలెక్టరు దగ్గరకు వెళ్ళాలంటే దారిఖర్చులు, పనినష్టం. పోనీ, ఉత్తరం రాసుకుంటే "తాసీల్దారుకు చెప్పుకో" అనే మాట రాసి తిప్పి పంపేవారు. అంటే ఎవడు కొట్టించాడో వాడికే చెప్పుకోవాలన్నమాట!

ఇంత రాసినవారు చివరకు, ప్రజల మొర తోటి నేటివుల క్రౌర్యం గురించే గాని తెల్ల అధికారుల గురించి కాదని తేల్చారు. నాకు ఇక్కడే మనసొప్పదు. వసూలు తక్కువైతే తాసీల్దారును నిలదీసేది కలెక్టరే కదా? అర్జీని వెనక్కి పంపిన సంతకం ఎవరిది? తిరుగుబాటు రోజుల్లో, 1857 సెప్టెంబరులో, కార్ల్ మార్క్స్ న్యూయార్క్ పత్రికలో ఈ నివేదికనే తీసుకుని ఇంగ్లీషువారి మీదికి తిప్పికొట్టాడు.

ఫలితం బొత్తిగా లేకపోలేదు. 1859 చట్టంతో మద్రాసు పోలీసు వ్యవస్థ వేరుపడింది. 1860 శిక్షాస్మృతి 330వ సెక్షన్‌లో, శిస్తు బకాయి కోసం చిత్రహింస పెట్టే రెవిన్యూ అధికారినే ఉదాహరణగా చూపారు. శిక్ష ఏడేళ్ళ దాకా. 2024 జులై 1న ఆ స్మృతి రద్దయ్యేదాకా ఆ ఉదాహరణ అందులోనే ఉంది. వసూలు చేసి తీరాలని పైనుంచి తాఖీదు పంపినవాడికి మాత్రం అందులో ఉదాహరణ లేదు.