చంద్రనౌకను కట్టిన కర్మాగారము

1969 జూలై 20వ తేదీన ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్‌లు చంద్రునిపై దిగిన సంగతి మనకందరకు తెలిసినదే. వారిని దింపిన నౌకను ఎవరు కట్టిరో ఎరిగినవారు తక్కువ. దానిని కట్టినది న్యూయార్కు సమీపమున, లాంగ్ ఐలండులోని బెత్‌పేజ్‌లో యుద్ధవిమానములు తయారుచేయుచుండిన గ్రమ్మన్ అను ప్రయివేటు కంపెనీ.

1962 నవంబరులో అమెరికా ప్రభుత్వ అంతరిక్ష సంస్థయగు నాసా ఈ పనిని గ్రమ్మన్‌కు అప్పగించెను. అంచనా నలుబది కోట్ల డాలర్లకు లోపు. అంతవరకు ఎవరును కట్టని వాహనము కనుక వ్యయమెంతగునో ముందుగా చెప్పుట కష్టము. అందుచేత ఖర్చును ప్రభుత్వమే భరించి, పైన కొంత లాభము ఇచ్చునట్లు ఒప్పందము కుదిరినది. తుదకు వ్యయము రెండు వందల కోట్ల డాలర్లను మించెను.

ఆ ధనము వృథా కాలేదు. నౌక బరువు పెరిగిన కొలది రాకెట్టుకు భారమగును. కనుక ఇంజనీర్లు ఆసనములను తీసివేసి, వ్యోమగాములు నిలబడియే నడుపునట్లు చేసిరి. కిటికీలను చిన్నవి చేసిరి. గోడలను కొన్నిచోట్ల మిల్లీమీటరులో మూడవవంతు మందమునకు తగ్గించిరి. 1970 ఏప్రిల్‌లో అపోలో-13 మార్గమధ్యమున దెబ్బతిన్నపుడు, ఇద్దరికి రెండు దినములకై కట్టిన ఈ నౌకయే ముగ్గురిని సుమారు మూడున్నర దినములు కాపాడెను.

అయినను, బడ్జెటు తగ్గుటచే ఆ ఏడే మూడు యాత్రలు రద్దయినవి. 1972 డిసెంబరుతో అపోలో యాత్రలు ముగిసినవి. చంద్రనౌకను కొనువారు నాసా తప్ప మరెవ్వరును లేరు. గ్రమ్మన్ తిరిగి విమానములనే నమ్ముకొనెను. ఎగురని నౌక ఒకటి లాంగ్ ఐలండులోని మ్యూజియమున మిగిలినది.

2018లో నాసా వేరొక పద్ధతి ఆరంభించెను. చంద్రునిపైకి పరికరములను పంపుటకు నౌకను కొనదు. కంపెనీకి కిరాయి చెల్లించును. కిరాయి ముందే నిర్ణయమగును. మించిన ఖర్చు కంపెనీదే. అయితే అదే నౌకలో ఇతరుల సరకును గూడ మోసి కంపెనీ సంపాదించుకొనవచ్చును. 2024 జనవరిలో బయలుదేరిన మొదటి నౌక చంద్రుని చేరకయే నశించెను. ఫిబ్రవరిలో రెండవది దిగి ఒరిగిపోయెను. 2025 మార్చిలో ఫైర్‌ఫ్లై కంపెనీ నౌక నిటారుగా దిగెను.

ఒక్క విషయమును విద్యార్థులు గమనింపవలెను. నౌకను కట్టగల నేర్పు 1969 నాటికే ఉండెను. లేనిది నాసాకు తోడుగా నిలువగల మరొక కొనుగోలుదారు. కొత్త కంపెనీలకు అట్టివారు దొరికినపుడే, ప్రభుత్వము చేయి బిగించినను చంద్రుని దారి మూతపడదు.