గ్లాసు మార్చాక లారీ కంటికి కొలత

బొగ్గు టిప్పరు వెనక నడిచే ఏ బండికైనా గులకరాయితోనే పేచీ. ఇల్లందు నుంచి టేకులపల్లి మీదుగా కొత్తగూడెం పోయే దారిలో, ముందు బండి జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాయి ఒకటి ఎగిరి వచ్చి తగిలిందంటే ముందు గ్లాసు మీద అర్ధరూపాయి బిళ్లంత మచ్చ పడుతుంది. ఎండకు కాగి, వానకు చల్లారి, గుంత గుంతకూ క్యాబిన్ మెలిక పడుతుంటే ఆ మచ్చలోంచి ఒక గీత బయల్దేరి గ్లాసంతా పాకుతుంది. ఇన్నాళ్లూ దీనికి వైద్యం తేలిక. పాత గ్లాసు ఊడదీసి, కొత్త గ్లాసుకు రబ్బరు బీడింగు తొడిగి, లోపలి నుంచి తాడు లాగుతూ బీడింగు అంచును క్యాబిన్ రేకు మీదికి ఎక్కించి, "అయిపాయె అన్నా, ఇగ పోనియ్" అంటే బండి కదిలేది.

కొత్త బండ్లకు అట్లా కుదరదు. గ్లాసు పైభాగంలో, నడిమధ్యన, లోపలివైపు ఒక కెమెరా ఉంటుంది. ముందు బండి దగ్గరైతే అరుస్తుంది, రోడ్డు మీది లేను గీత దాటితే హెచ్చరిస్తుంది, కొన్నిట్లో బ్రేకు కూడా తనే వేస్తుంది. టాటా మోటార్స్ 2022 అక్టోబరులో ప్రైమా, సిగ్నా, అల్ట్రా లారీల్లో ఈ సదుపాయాలు తెచ్చింది. 2025 మార్చిలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఇచ్చిన ముసాయిదా బస్సులకూ లారీలకూ తానే బ్రేకు వేసే ఏర్పాటు, నిద్రమత్తు హెచ్చరిక, గీత దాటితే హెచ్చరిక తప్పనిసరి చేయాలంది. ఇలాంటి బండికి గ్లాసు మారిస్తే పని సగమే అయినట్టు. మిగతా సగం కెమెరాకు మళ్లీ కొలత పట్టడం, మెకానిక్కుల మాటలో క్యాలిబ్రేషన్.

ఈ కొలత కంప్యూటర్లతో పుట్టింది కాదు. దాని పాత అధ్యాయాల్లో ఒకటి మన అడవుల దాకా వచ్చిన బ్రిటిషు సర్వేలోనే నడిచింది. 1819లో జార్జ్ ఎవరెస్ట్ అనే యువ అధికారి కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో సర్వే చేస్తూ జ్వరాన పడ్డాడు. కోలుకోవడానికి దక్షిణాఫ్రికా కొస దాకా పోవాల్సి వచ్చింది. హిమాలయ శిఖరానికి తన పేరు పడుతుందని అప్పటికి ఆయనకు తెలియదు. ఆయన పై అధికారి విలియం లాంబ్టన్‌కు అంతకు ముందే, 1808లో, తంజావూరులో ఓ గండం ఎదురైంది. అర టన్ను బరువున్న థియోడలైటును ఆలయ గోపురం మీదికి లాగుతుంటే తాడు తెగి, పరికరం గోడకు కొట్టుకుంది. కోణాలు కొలిచే దాని చక్రం వంకరపోయింది. లాంబ్టన్ ఆరు వారాలు గుడారంలో కూర్చుని, చక్రాన్ని వీసమెత్తు చొప్పున లాగుతూ మళ్లీ వాటం తెచ్చాడు. కొత్త పరికరం ఇంగ్లండు నుంచి రావాలంటే ఏళ్లు పట్టే రోజులవి. దెబ్బ తిన్న పరికరం చూడ్డానికి బాగానే ఉంటుంది, చూపే లెక్క మాత్రం తప్పుతుంది. ఇల్లందు దగ్గర 1871లో బొగ్గు కనిపెట్టిన భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కాలానికి సర్వే శాఖలో ఇది అందరికీ తెలిసిన సంగతే. లారీ షెడ్లకు మాత్రం మొన్నమొన్ననే చేరుతోంది.

గ్లాసు కథ వేరే దారిలో వచ్చింది. మొదటి మోటారు బండ్లకు ముందు గ్లాసంటే మామూలు కిటికీ అద్దమే. పగిలితే మొహం మీదికి కత్తుల్లా వచ్చేది. 1903లో ఫ్రెంచి రసాయనవేత్త ఎడ్వార్ బెనెడిక్టస్ ప్రయోగశాలలో ఒక గాజు సీసా కింద పడింది. పగిలింది కానీ ముక్కలు చెదరలేదు. అందులో ఎప్పుడో ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ లోపలి గోడకు పొరలా అంటుకుని పెంకుల్ని పట్టి ఉంచింది. 1909లో ఆయన రెండు గాజు పలకల మధ్య పొర పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మొదట్లో కార్ల కంపెనీలు ఖర్చని వెనకాడాయి. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక విషవాయువు ముసుగుల కళ్లద్దాల్లో ఆ గాజు పనికొచ్చింది. ఆ తర్వాత ఎండకు పసుపెక్కని పీవీబీ అనే ప్లాస్టిక్ పొర వచ్చింది. మన దేశంలో 1993 నాటి మోటారు వాహనాల సవరణ నియమాలు మూడేళ్ల గడువిచ్చి, ఆపైన తయారయ్యే బండ్ల ముందు గ్లాసు లామినేటెడ్‌దే అయ్యుండాలన్నాయి. మనిషి ముఖం కోసం ఇన్ని జాగ్రత్తలు పడ్డ గ్లాసు ఏదో ఒకనాడు మరో కంటికి కూడా తలుపవుతుందని ఎవరూ లెక్క వేయలేదు.

ఆ రెండో కన్ను పుట్టిన చోట్లలో ఒక దానికి తెలుగువాడే పెద్దదిక్కు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, లోకానికి రాజ్ రెడ్డి, 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరయ్యారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆయన డైరెక్టరుగా ఉండగానే, 1986లో, అక్కడి పరిశోధకులు ఒక షెవర్లే వ్యాను నిండా కంప్యూటర్లు పేర్చి, కెమెరాతో రోడ్డు చూపించి నడిపించారు. పేరు నావ్‌ల్యాబ్. సైకిల్ తొక్కేవాడికీ దానికీ పెద్ద తేడా లేనంత నిదానం. దాని వారసుడు నావ్‌ల్యాబ్ 5 మాత్రం 1995లో పిట్స్‌బర్గ్ నుంచి శాన్‌డియాగో దాకా, సుమారు 4,585 కిలోమీటర్లలో 98.2 శాతం దూరం స్టీరింగు తనే తిప్పుకుంది. యాక్సిలరేటరు, బ్రేకు మనుషుల కాళ్ల కిందే ఉన్నాయి. జర్మనీలో ఎర్న్‌స్ట్ డిక్‌మన్స్ బృందం అయిదు టన్నుల మెర్సిడెస్ వ్యానుతో ఇంకా ముందే పరుగు తీసింది. 1987లో ఆటోబాన్ అనే జర్మన్ హైవే ఖాళీ ముక్క మీద గంటకు 96 కిలోమీటర్లు.

ఈ ప్రయోగాల్లో కెమెరా ఎక్కడ కూర్చుందో, ఏ కోణంలో వంగిందో చేత్తో కొలిచి చెప్పే ఓపిక పరిశోధకులకు ఉంది. బజారులోకి వచ్చే వస్తువుకు ఆ ఓపిక ఉండదు. అందుకే ఇంకో రెండు పేర్లు చెప్పాలి. 1987లో ఐబీఎంలో రోజర్ త్సాయ్, తెలిసిన కొలతలున్న గుర్తుల్ని కెమెరాకు చూపించి, బొమ్మలో అవి పడ్డ చోటును బట్టి కెమెరా లోపలి గుణాన్నీ, నిలబడ్డ తీరునూ లెక్కగట్టే పద్ధతి రాశాడు. 2000లో మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు జెంగ్‌యూ జాంగ్ దాన్ని ఇంకా చవక చేశాడు. కాగితం మీద నలుపు తెలుపు గళ్లు అచ్చు వేసి, అట్టకు అంటించి, నాలుగైదు వాటాల్లో చూపిస్తే చాలు. ఇవాళ పెద్ద షోరూముల్లో బండి ముందు నిలబెట్టే గళ్ల బోర్డులన్నీ ఆ కాగితం పిల్లలే.

ఈ కన్ను ముందుగా పనికి కుదిరిన చోట్లలో లారీ ఒకటి, ఇది చాలామందికి తెలియదు. 2000లో ఇటెరిస్ అనే కంపెనీ చేసిన గీత దాటు హెచ్చరిక మెర్సిడెస్ ఆక్ట్రోస్ లారీలో ఎక్కింది. నావ్‌ల్యాబ్ యాత్రలో ఉన్న డీన్ పోమర్లో కూడా సొంత కంపెనీ పెట్టి లారీలకు అలాంటి పెట్టెనే అమ్మాడు. రాత్రంతా ఒంటరిగా తోలే డ్రైవరు, నలభై టన్నుల బరువు. అవసరం అక్కడే ఎక్కువ. యూరప్ 2013 నవంబరు నుంచి కొత్త మోడల్ భారీ బండ్లకు, 2015 నవంబరు నుంచి కొత్తగా రోడ్డెక్కే భారీ బండ్లన్నిటికీ ఈ గీత హెచ్చరికను చట్టంతో తప్పనిసరి చేసింది.

1999లో జెరూసలెంలో అమ్నోన్ షాషువా, జివ్ అవిరామ్ మొదలుపెట్టిన మొబైలై ఇంకో మెట్టు ఎక్కింది. రాడార్ లేకుండా, రెండు కళ్లు కూడా లేకుండా, ఒకే కెమెరాతో దూరం చెప్పొచ్చంది. కిటుకు ఇదీ. కెమెరా రోడ్డుకు ఎంత ఎత్తులో ఉందో తెలుసు. ముందు బండి టైరు రోడ్డును తాకే చోటు దిగంతం కంటే ఎంత కిందుందో బొమ్మలో కనిపిస్తుంది. బళ్లో నేర్చుకున్న త్రికోణమితితో దూరం తేలిపోతుంది. గ్లాసు మార్చినప్పుడు వచ్చే తంటా మొత్తం ఈ కిటుకులోనే దాగి ఉంది.

లెక్క వేసి చూద్దాం. లారీ కెమెరా రోడ్డుకు రెండున్నర మీటర్ల ఎత్తున ఉందనుకోండి. 50 మీటర్ల దూరంలో ఆగిన ట్రాక్టరు టైరు, దిగంతానికి సుమారు 2.9 డిగ్రీల కింద కనిపిస్తుంది. కొత్త గ్లాసు మీద కెమెరా ఒక్క డిగ్రీ కిందికి వంగి కూర్చుంటే బొమ్మలో ట్రాక్టరు ఆ మేరకు పైకి జరుగుతుంది. యంత్రం దాన్ని 77 మీటర్ల దూరమని చదువుతుంది. పోయిన ఆ 27 మీటర్లు, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనున్నరకు పైమాటే. పక్కకు ఒక డిగ్రీ తిరిగిందా, 100 మీటర్ల దూరంలో 1.75 మీటర్ల తేడా. మన రహదారి లేను వెడల్పు మూడున్నర మీటర్లు, అంటే సరిగ్గా సగం లేను. పక్క లేనులో ఎదురొచ్చేవాడు నీ దారిలో ఉన్నట్టూ, నీ దారిలో ఆగి ఉన్నవాడు పక్కన ఉన్నట్టూ కనబడొచ్చు.

ఒక డిగ్రీ ఎలా వస్తుంది? చాలా సులువుగా. కెమెరా పట్టే కొక్కెం గ్లాసుకే అతికించి వస్తుంది. ఆ అతుకు వెంట్రుకవాసి తేడా వస్తే చాలు. ఇలాంటి క్యాబిన్లకు గ్లాసు రబ్బరుతో కాక పాలీయురెథేన్ జిగురుతో అతుకుతుంది. జిగురు పైన మందంగా, కింద పలచగా పడితే గ్లాసు వాలు మారుతుంది. చవక గ్లాసు అయితే కెమెరా ముందున్న చోట చూపు అలలు అలలుగా వంగుతుంది. జిగురు పూర్తిగా ఆరకముందే కొలత పడితే, ఆరాక గ్లాసు కుదురుకుని ఆ కొలత కాస్తా పాతదైపోతుంది.

కొలత పట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి నిలబెట్టి చేసేది. నేల చదునుగా ఉండాలి, టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, బండి ఖాళీగా ఉండాలి. బోర్డును బండి మధ్యరేఖకు సూటిగా, కంపెనీ చెప్పిన దూరంలో, ఎత్తులో పెట్టాలి. కారులో ఇది కొంత నయం. లారీలో మధ్యరేఖే ఒక వివాదం. వెనక యాక్సిల్ కొంచెం వంకరగా ఉంటే బండి తలను ఒకవైపు, నడకను ఇంకోవైపు పెట్టుకుని పోతుంది. కెమెరాకు నడక దిక్కు చెప్పాలి, క్యాబిన్ ముక్కు దిక్కు కాదు. పైగా క్యాబిన్ సొంత స్ప్రింగుల మీద ఊగుతూ ఉంటుంది. ఆ స్ప్రింగో, బుష్షో అరిగి ఉంటే బోర్డు ముందు ఎంత నిష్ఠగా చేసినా వ్యర్థం. అందుకే లారీలో ముందు అలైన్‌మెంటు, తర్వాతే కెమెరా. ఈ వరస తప్పించి బిల్లు రాసే షెడ్డు దగ్గర బండి పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

రెండోది నడిపి చేసేది. డయాగ్నొస్టిక్ టూలు తగిలించి, కంపెనీ చెప్పిన వేగంలో కొంత దూరం తోలితే, రెండువైపులా తెల్లగీతలు దూరాన కలిసే బిందువును పట్టుకుని కెమెరా తన వంపు తనే దిద్దుకుంటుంది. చదవడానికి హాయిగా ఉంది. ఇల్లందు చుట్టూ అడవి మలుపుల్లో, అంచు మట్టిలో కలిసిపోయిన తారు మీద, ఉన్న గీతా బొగ్గు మసిలో మాసిపోతే కెమెరా దేన్ని పట్టుకోవాలి? ఈ పద్ధతి కనిపెట్టినవాళ్ల మనసులో ఉన్నది ఆటోబాన్.

ఈ లోటును హైదరాబాదులో గుర్తించారు. ట్రిపుల్ ఐటీ హైదరాబాదు, ఇంటెల్ కలిసి ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ తయారు చేశాయి. హైదరాబాదు, బెంగళూరు, వాటి శివార్ల రోడ్ల మీద తీసిన 182 ప్రయాణాల నుంచి పదివేల బొమ్మలు ఏరి, బొమ్మలో ఏ భాగం ఏమిటో గుర్తులు రాశారు. అందులో ఆటోరిక్షాకు విడిగా ఒక పేరుంది, జంతువుకు ఒక పేరుంది. అన్నిటికంటే నాకు నచ్చింది, తారు పక్కన బండి దిగి పోగల మట్టి జాగాకు కూడా ఒక పేరు పెట్టడం. రోడ్డంటే గీతల మధ్యదేనని నమ్మే యంత్రానికి ఇది కొత్త పాఠం. ఆ ట్రిపుల్ ఐటీ పాలక మండలికి అధ్యక్షత వహించింది కూడా రాజ్ రెడ్డిగారే. తర్వాత ఐరాస్తే అనే పథకం కింద నాగపూర్ సిటీ బస్సుల్లో, తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఈ హెచ్చరిక కెమెరాలు పెట్టి చూశారు.

గ్లాసు మార్చే రోజున లారీ యజమాని ఫాస్టాగ్‌ను మరిచిపోడు. పాతది గ్లాసుతోనే పోతుంది, కొత్తది లేకపోతే టోల్‌గేటు దగ్గర అదనంగా వసూలు చేస్తారు. కెమెరా కొలతకు అలాంటి గేటు ఏదీ లేదు. బండి పైకి బాగానే ఉంటుంది, డాష్‌బోర్డు మీద దీపం కూడా ఒక్కోసారి వెలగదు. ఇంకా విచిత్రం, మనవాళ్లు దేవుడి పేరు స్టిక్కరు, పూలదండ, నిమ్మకాయలు కట్టే జాగా గ్లాసు పైభాగం నడిమధ్యే. కెమెరా కూర్చునేదీ అక్కడే. పేరును పక్కకు జరపమంటే నొచ్చుకునే యజమానులుంటారు. డ్రైవరువైపు మూలకు కాకుండా క్లీనరువైపు కింది మూలకు దించితే డ్రైవరు చూపూ, కెమెరా చూపూ మిగులుతాయి.

ఇల్లందు లారీకి ఇంకో సొంత చిక్కు ఉంది. గని లోపలికి ఖాళీగా పోతుంది, బయటికి నిండుగా వస్తుంది. బరువెక్కాక వెనక స్ప్రింగులు కుంగి ముక్కు కొద్దిగా పైకి లేస్తుంది. కొలత ఖాళీ బండికి పట్టారు. మంచి వ్యవస్థలు నడకలోనే చిన్న చిన్న తేడాల్ని దిద్దుకుంటూ పోతాయి, కానీ మొదటి కొలత సుమారుగానైనా నిజం కావాలి, దిద్దుకోవడానికి కాసిని గీతలైనా కావాలి. గీతలు లేకుండా, రోడ్డు గరుకుదనం కదిలే తీరును బట్టి వంపు కనుక్కునే పద్ధతుల మీద పరిశోధనలు సాగుతున్నాయి. అవి బండ్లలోకి వచ్చేదాకా, ఇల్లందులో గ్లాసు మార్చుకున్నవాడు జిగురు ఆరనిచ్చి, టూలు ఉన్న మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకుని, గీతలు నిలిచి ఉన్న హైవే ముక్క కోసం కొత్తగూడెం వైపో ఖమ్మం వైపో ఖాళీ బండితో ఓ చక్కరు కొట్టి రావాలి. ఆ డీజిలు ఖర్చు గ్లాసు బిల్లులో ఎవరూ రాయరు, ముందే అడిగి రాయించుకోవాలి.