రక్తపిశాచి ప్రేమికుడైన కథ

పెట్టుబడిని రక్తం పీల్చే పిశాచంతో పోల్చిన మార్క్స్ గ్రంథం మొదటి సంపుటం 1867లో వెలువడింది. బ్రామ్ స్టోకర్ ‘డ్రాక్యులా’ నవల 1897లో వచ్చింది. స్టోకర్ మార్క్స్‌ను చదివి రాశాడని నేను అనను. అయితే ఇద్దరూ బతికిన నగరం ఒకటే, లండన్. నవలలో ఒక ఘట్టం ఉంది. హార్కర్ కత్తి విసిరితే డ్రాక్యులా కోటు చిరిగి నెత్తురుకు బదులు నోట్ల కట్టా, బంగారు నాణేలూ రాలిపడతాయి. ఇటలీ విమర్శకుడు ఫ్రాంకో మొరెట్టీ 1980లలో ఈ పాత్రను గుత్తపెట్టుబడికి ప్రతిరూపంగా వివరించాడు. వడ్డీవ్యాపారిని ‘జలగ’ అనడానికి మన పల్లె జనానికి ఏ విమర్శకుడి సాయమూ అవసరం రాలేదు.

జలగను ఎవరూ ప్రేమించరు. మరి తెరమీద రక్తపిశాచిని ప్రేమించడం ఎప్పుడు, ఏ పరిస్థితుల్లో మొదలైంది? సాహిత్య విద్యార్థులకు ఇది పనికిమాలిన ప్రశ్నగా తోచవచ్చు. నాకూ చాలాకాలం అలాగే తోచింది. ఇదంతా బూర్జువా సంస్కృతి క్షీణదశకు లక్షణమని ఒక్కమాటతో తోసేసేవాణ్ణి. ఆ అభిప్రాయం ఎక్కడ దెబ్బతిన్నదో తర్వాత చెబుతాను.

స్టోకర్ నవలలో డ్రాక్యులాకూ మీనాకూ మధ్య ప్రేమ లేదు. ఆమె మెడ వంచి తన రొమ్ముమీది గాయంనుంచి నెత్తురు తాగించే బలాత్కారం మాత్రమే ఉంది. ఆ నవల ఆధారంగా జర్మనీలో మూర్నౌ 1922లో తీసిన ‘నోస్ఫెరాటు’లోనూ ప్రేమ లేదు. యుద్ధంలో ఓడిన దేశంలో తయారైన ఆ చిత్రంలో పిశాచికి ఎలుక పళ్ళుంటాయి, వాడితోబాటు ఎలుకలూ ప్లేగూ ఊళ్ళోకి వస్తాయి. ఎల్లెన్ వాణ్ణి తెల్లవారేదాకా తన పక్కన నిలిపి చంపుతుంది, తానూ చనిపోతుంది. అనుమతి లేకుండా తీశారని స్టోకర్ భార్య దావా వేసింది. 1925లో ప్రతులన్నీ నాశనం చేయాలని కోర్టు ఆదేశించినా, కొన్ని మిగలబట్టి మనం చూడగలుగుతున్నాం.

మలుపు నాటకరంగంలో వచ్చింది. 1924లో ఇంగ్లండులో హామిల్టన్ డీన్ ఈ నవలను నాటకం చేశాడు. మధ్యతరగతి ఇంటి ముందుగదిలో నడిచే నాటకంలోకి పిశాచి రావాలంటే, ఆ ఇంటివాళ్ళు ఆహ్వానించి కుర్చీ వేసేలాంటి మనిషై ఉండాలి. అందుచేత వాడికి విందుదుస్తులు, పైన నల్లటి అంగీ, మర్యాద వచ్చాయి. 1927లో బ్రాడ్వేలోనూ, 1931లో టాడ్ బ్రౌనింగ్ చిత్రంలోనూ ఆ దుస్తులు తొడిగినవాడు బేలా లుగోషీ. ఆ చిత్రాన్ని యూనివర్సల్ సంస్థ ఫిబ్రవరి 14న, ప్రేమికుల దినాన విడుదల చేసి, వింత మోహగాథగా ప్రచారం చేసుకుంది. అమెరికా ఆర్థిక మాంద్యంలో మునిగి ఉన్న రోజులవి.

ఈ లుగోషీ 1919లో హంగరీ సోవియట్ రిపబ్లిక్ కాలంలో నటుల సంఘాన్ని కూడగట్టినవాడు. బేలా కున్ ప్రభుత్వం కూలగానే దేశం విడిచి పారిపోవలసివచ్చింది. అమెరికాలో ఆ కార్మిక సంఘ కార్యకర్తకు దక్కింది ప్రభువు వేషం! ఆ పాత్రకు ఏడు వారాలకుగాను 3,500 డాలర్లిచ్చారు. కంపెనీని నిలబెట్టిన చిత్రానికి ఇది కూలి. 1956లో చనిపోయినప్పుడు ఆ అంగీతోనే సమాధి చేశారు.

ఇక నా అభిప్రాయాన్ని దెబ్బతీసిన చిత్రం 1972 నాటి ‘బ్లాక్యులా’. పేరు చౌకబారుది, నిర్మాణమూ అంతే. దర్శకుడు విలియం క్రెయిన్ నల్లజాతివాడు. నాయకుడు విలియం మార్షల్ ఒథెల్లో పాత్రకు పేరుపొందిన నటుడు. తన పాత్రకు గౌరవప్రదమైన పూర్వకథ ఉండాలని పట్టుబట్టింది ఆయనే. 1780లో మాముwవాల్డే అనే ఆఫ్రికా రాకుమారుడు బానిస వ్యాపారాన్ని ఆపడానికి సాయమడగబోయి, డ్రాక్యులా కోటకు భార్య లూవాతో వెళతాడు. డ్రాక్యులా నవ్వి, అవమానించి, కాటువేసి, అతనికి తన పేరును వక్రీకరించి పెట్టి పెట్టెలో బంధిస్తాడు. బానిసను కొన్నవాడు మొదట చేసే పని పేరు మార్చడమేనన్న సంగతి ఇక్కడ మరవకూడదు. రెండు శతాబ్దాల తర్వాత ఆ పెట్టె కోట సామానుతోపాటు అమ్ముడుపోయి లాస్ ఏంజెలెస్ చేరుతుంది. అక్కడ లూవా పోలికలున్న టీనా అతనికి కనిపిస్తుంది. ఆమెను బలవంతపెట్టడు, నీ ఇష్టంతో వస్తేనే రమ్మంటాడు. చివరికి పోలీసు తూటా తగిలిన ఆమెను బతికించుకోవడానికి తనలాంటిదాన్ని చేసుకుంటాడు. ఆమె గుండెలోనూ మేకు దిగాక, తనంతట తానే మెట్లెక్కి ఎండలోకి నడుస్తాడు. కొనుగోలుదారులైన ఇద్దరు స్వలింగ ప్రేమికులను ఈ చిత్రం హేళన చేసిన తీరు మాత్రం సిగ్గుచేటు. అయినా ఇక్కడి ప్రేమ బానిసత్వం ఊడలాక్కున్నదాన్ని తిరిగి అడుగుతుంది. దాన్ని క్షీణసంస్కృతి అని ఎలా అనగలను?

పోయిన భార్య మరో స్త్రీగా కనిపించడమనే ఈ ఇతివృత్తాన్నే 1992లో కొప్పోలా తన ‘డ్రాక్యులా’లో వాడుకున్నాడు. ‘మూగ మనసులు’ను 1964లోనే చూసిన మనవాళ్ళకు జన్మాంతర ప్రేమ కొత్త కాదు. నన్నడిగితే కొప్పోలా చేసిన నష్టం పెద్దది. నవలలోని బలాత్కారాన్ని మీనా ఇష్టంగా మార్చాడు, పైగా స్టోకర్ పేరు చిత్రం పేరులోనే తగిలించాడు. బానిస వ్యాపారం ఊసు లేదు, ప్రభువు దుఃఖం మిగిలింది.

2008లో మొదలై 2012 దాకా అయిదు చిత్రాలుగా సాగిన ‘ట్వైలైట్’లో పిశాచి బడికి వెళ్ళే కుర్రవాడు. మనుషుల నెత్తురు ముట్టడు, జంతువులతో సరిపెట్టుకుంటాడు. మాముwవాల్డేను చంపిన ఎండ ఇతని ఒంటిమీద వజ్రాల్లా మెరుస్తుంది. ఆ కుటుంబానికి అద్దాల మేడ, ఖరీదైన కార్లు ఉంటాయి. ఆ ఇంట్లో భవిష్యత్తు చూడగల ఆలిస్ అనే అమ్మాయి ఉంది, ఆమె చూపు షేర్ల వ్యాపారంలో వాళ్ళకు అక్కరకొస్తుందని నవలల్లో చదువుతాం. వాళ్ళ కోటులోంచి నాణేలు రాల్చే హార్కర్ ఆ కథలో లేడు.

ఈ చిత్రాలను ఇష్టపడే విద్యార్థులను నేను మందలించను. 1972 నాటి చిత్రాన్ని కూడా చూసి, ఆ రెండు ప్రేమలూ ఎవరి ఖర్చుతో నడిచాయో రాసుకురమ్మంటాను.