చెవితో చదివిన కండ

కండల విద్యుత్తుని పట్టి చూసే ఈఎంజీ పరీక్ష గదిలో ముప్పై ఏళ్లు పనిచేశాను. సూది గుచ్చేది డాక్టరుగారు, మీటలు తిప్పేది నేను. "కొంచెం బిగించమ్మా, చాలు" అనగానే స్పీకర్లో ఒక్కటే చప్పుడు: టక్... టక్... టక్, సెకనుకి 5, 6 దెబ్బలు. ఇంకాస్త బిగిస్తే అదే వేగం పుంజుకుంటుంది, దాని పక్కన వేరే గొంతుతో ఇంకోటి లేస్తుంది. పూర్తిగా బిగిస్తే ఇక విడదీసి వినలేం, రేకుల మీద జోరువానే.

ఆ ఒక్కో గొంతూ ఒక మోటార్ యూనిట్. వెన్నుపాములో ఒక నరకణం, అది ఆడించే కండపోగులన్నీ కలిపి ఒక జట్టు. పిక్కలో జట్టుకి వెయ్యికి పైనే పోగులు, కనుగుడ్డుని తిప్పే కండలో పదో పాతికో. 1925లో మోటార్ యూనిట్ అన్న పేరు పెట్టింది లిడెల్, షెరింగ్టన్ అనే శాస్త్రవేత్తలు.

అంతకుముందే జర్మనీలో హాన్స్ పైపర్ చర్మం మీంచి కండల విద్యుత్తుని పట్టాడు. కానీ అది పెళ్లిపందిరి బయట నిలబడి లోపలి గోల వినడం లాంటిది. పందిట్లోకి వెళ్లి ఒక్కరి మాట విన్నది 1929లో, కేంబ్రిడ్జ్‌లో ఏడ్రియన్, అమెరికా నుంచి వచ్చిన బ్రాంక్. ఇంజెక్షన్ సూదిలోకి పూత పూసిన సన్నటి తీగ దూర్చి, మొన దగ్గర మాత్రం కొస తేల్చి ఉంచారు. అంతే పరికరం! మేం వాడిన సూదీ అదే పోలిక. యాంప్లిఫయర్‌కి లౌడ్‌స్పీకర్ కూడా తగిలించారు. కొత్త యూనిట్ లేచినప్పుడు గీతల్లో దొరకని తేడా చెవికి దొరుకుతుందని వాళ్లే రాసుకున్నారు. స్క్రీనుకే కళ్లప్పగించే కుర్ర డాక్టర్లకి నేనీ మాట చాలాసార్లు చెప్పాను, విన్నవాళ్లు తక్కువ.

చిన్న యూనిట్లు ముందు, పెద్దవి తర్వాత లేస్తాయని 1957లో హెన్నెమన్ తేల్చాడు. నాకు ముచ్చటేసేది మాత్రం కెనడాలో బాస్మాజియన్ 1963లో అచ్చువేసిన సంగతి. తమ చప్పుడు తాము వింటూ కొందరు ఒకే యూనిట్‌ని కోరినట్టు ఆడించగలిగారట, డోలు దరువులు కూడా.

ఓసారి బొటనవేలి మొదట్లో సూదితో ఉన్న మృదంగం మాస్టారికి ఈ కథ చెప్పాను. ఆయన కళ్లు మూసుకున్నారు. టక్, టక్, టక్. కాస్త ఆగి, మళ్లీ మూడు. "తకిట వచ్చిందయ్యా" అన్నారు. నాలుగోదాని కోసం ప్రయత్నిస్తుంటే డాక్టరుగారు వచ్చి సూది తీసేశారు.