ఫిరంగుల జాగాలో పెళ్లిపందిరి

మారిషస్‌లో మా మేనకోడలి పెళ్లిపందిరి లేచింది ఒకప్పుడు ఫిరంగుల కోసం అట్టేపెట్టిన జాగాలో. తీరం పొడుగునా సుమారు 81 మీటర్ల వెడల్పు నేలను రక్షణ కోసమని ఫ్రెంచివాళ్లు ఎవరికీ అమ్మకుండా ఉంచారు. 1807లో గవర్నర్ దెకాన్ దాన్ని శాసనంగా ఖరారు చేశాడు. 1810లో దీవిని గెలిచిన ఇంగ్లీషువాళ్లూ ఆ పద్ధతి కొనసాగించారు. నేటికీ అది చాలావరకు సర్కారు భూమే, హోటళ్లది కౌలు. ఫిరంగుల పుణ్యమా అని ఇసుకైనా మిగిలింది, లేకుంటే చెరకుతోటల దొరలు దాన్నీ కంచె వేసుకునేవాళ్లే!

సరుగుడు చెట్టుకు తోరణం కడుతున్న మా బావగారిని పురోహితుడు తెలుగులోనే కసిరాడు, ముహూర్తం దాటిపోతోందని. 1835లో బానిసత్వం రద్దయ్యాక చెరకు పనికి కోరంగి రేవులో ఓడెక్కినవాళ్ల సంతతి ఆ పురోహితుడు. ఆగ్నేయపు గాలికి హోమం నిలవలేదు. హోటలువాళ్ల రేకు అడ్డంపెట్టి కానిచ్చాం.