బరంపురం ప్లీడరు, రైలు కార్మికులు

నేడు ఒడిశాలో ఉన్న బరంపురం 1936 దాకా మద్రాసు రాజధానిలోనిది. ఆ ఊరి తెలుగు న్యాయవాది జోగయ్య పంతులుగారి కుమారుడు వరాహగిరి వేంకటగిరి (1894–1980). 1913లో డబ్లిన్ వెళ్ళి న్యాయశాస్త్రం చదివి, 1916లో తిరిగివచ్చి తండ్రి వృత్తినే చేపట్టారు. సహాయనిరాకరణ కాలంలో ప్రాక్టీసు మానినా, చదివిన చట్టం వృథా పోలేదు. బరంపురం మీదుగా సాగే బెంగాల్ నాగపూర్ రైల్వేలో 1928లో కార్మికులను తొలగించినప్పుడు అహింసాయుతంగా సమ్మె నడిపి, యాజమాన్యాన్ని దిగివచ్చేలా చేశారు.

యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చొని తగవు తీర్చుకోవాలనీ, నిర్బంధ న్యాయనిర్ణయం కార్మిక సంఘాలను బలహీనపరుస్తుందనీ ఆయన వాదం. దీనికే ‘గిరి విధానం’ అని పేరు. ఒక న్యాయవాది ఇలా అనడం విశేషమే. అయితే వెలువడిన తీర్పును ప్రభుత్వమే మార్చడం ఆయనకు సమ్మతం కాలేదు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మికమంత్రి అయిన గిరిగారు, బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించగా 1954లో రాజీనామా చేశారు.

గిరిగారిని లోకం రాష్ట్రపతిగా (1969–74) గుర్తుంచుకొన్నది. బరంపురం తెలుగువారి చరిత్ర రాసేవారు మాత్రం ఆ సమ్మెనూ, ఈ రాజీనామానూ ముందు చెప్పవలసి ఉంటుంది.